పాలవాళ్ళ గుండె

మొఘల్‌పురాలో మా ఇంటి ముందుగదిలో ఒక యంత్రం ఉండేది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒంట్లో పుట్టే సన్నని కరెంటును అది ఫిల్ము మీద గీతగా చూపించేది. బొంబాయిలో పాతది కొని తెచ్చాను. మనిషి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. మా నాన్నకు నయాపూల్ దగ్గర బట్టల దుకాణం. కొడుకు డాక్టరు చదివి జనం కాళ్ళు కడుగుతున్నాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు.

పదేళ్ళు ఆ గీతలే చూశాను. చూపు మందగించింది, ప్రాక్టీసు పోయింది. నాకు దక్కింది ఒక్క సంగతి. పురానాపూల్ పాలవాళ్ళ నాడి సరిగానే ఉండేది కాని, గీతలో మాత్రం ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సన్నని వణుకు కనిపించేది. నయాపూల్ దుకాణదారుల గీతలు నున్నగా ఉండేవి. ఇది ఎవరూ కనిపెట్టని గుండెజబ్బు అని తేల్చుకున్నాను. నలభై మంది పాలవాళ్ళను పాలు పిండొద్దని, బరువులెత్తొద్దని హెచ్చరించాను. అప్పుడు కాస్త గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు.

నా మాట తు.చ. తప్పకుండా పాటించినవాడు బీరయ్య ఒక్కడే. పందొమ్మిది వందల ముప్పై తొమ్మిదిలో బర్రెలన్నీ అమ్మేసి, ఒక గోదాము ముందు కాపలాకు కూర్చున్నాడు.

నలభై నాలుగులో, ఈ జబ్బు మీద వైద్య పత్రికకు రాస్తున్న నా వ్యాసం పూర్తి కావచ్చింది. యుద్ధం వల్ల ఫిల్ము దొరకడం గగనమైంది. మిగిలిన రెండు ముక్కల్లో ఒకటి బీరయ్యకు వాడాను, జబ్బు ఎంత ముదిరిందో చూపిద్దామని. కడిగి వెలుతురులో చూస్తే వణుకు లేదు.

నా సంతోషం ఇంతా అంతా కాదు. విశ్రాంతితో జబ్బు నయమైంది, వ్యాసానికి ఇంతకంటే మంచి ముగింపు ఏముంటుంది? ఆ మాటే బయట కూర్చున్న బీరయ్య భార్య బాలమ్మకు చెప్పాను.

"చేతులు గూడ మంచిగైనయి సాబ్," అంది ఆమె. "పాలు పిండే దినాలల్ల పగటిదాంక వణుకుతుండె. చాయ్ గిలాస గూడ పట్టకపోతుండె."

పాలవాళ్ళు తెల్లవారకముందే పదిహేనేసి బర్రెలు పిండి, పాలు పోసి, అటునుంచి అటే నా దగ్గరికి వచ్చేవారు. దుకాణదారులు స్నానం చేసి, తీరిగ్గా చాయ్ తాగి వచ్చేవారు. పదేళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఆ తేడా తట్టలేదు.

వారం రోజులు వ్యాసం బల్ల మీదే ఉంది. పంపితే అడిగేవాడు లేడు. అలిసిపోయాను, ఇక చాలనిపించింది, పంపేద్దామనే అనుకున్నాను. చివరికి ఒక పొద్దున, పాలు పిండినట్టే తడిదుప్పటి పిండుతూ గంటసేపు కూర్చున్నాను. మా ఆవిడ సుశీల ఏమీ అడగకుండా యంత్రం నడిపింది. ఆఖరి ఫిల్ము మీద నా గుండెనే తీయించుకున్నాను. గీతలో అదే వణుకు, పాలవాళ్ళ జబ్బు నాకూ వచ్చింది. అది గుండె కరెంటు కాదు, అలిసిన చేతి కండరాలది.

ఆ రోజే పురానాపూల్‌లో బీరయ్య ఇంటికి వెళ్ళాను.

"నీ గుండె మొదటిసంది మంచిగనే ఉన్నది, బీరయ్యా. తప్పు నాది."

బీరయ్య వాకిలి వైపు చూశాడు.

"మనుమరాలు పుట్టినకాడికెల్లి ఒక్కపాలి ఎత్తుకోలే. బరువు ఎత్తద్దన్నవు గద."

ఇప్పుడు ఎత్తుకోవచ్చన్నాను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు. నాలుగేళ్ళ పిల్ల వాకిట్లోనే ఆడుకుంటోంది. బీరయ్య చేతులు చాపి పిలిచాడు. తాత ఎత్తుకోడని దానికి అలవాటైపోయింది, తలెత్తి చూసి మళ్ళీ ఆటలో పడింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మిగిలినవాళ్ళకు చెప్పావా అని అడిగాడు. లేదన్నాను. చెప్పులు తొడుక్కున్నాడు.

"నడువు. ఒక్కొక్కల ఇంటికి పోదాం. నీ నోటితోనే చెప్పాలె."

ఐదేళ్ళుగా మెట్టుమెట్టుకూ ఆగి ఛాతీ మీద చెయ్యి వేసుకున్న మనిషి గల్లీలో నాకంటే ముందు నడిచాడు. అందుకోలేక రెండుసార్లు ఆగమని పిలిచాను. ఆగలేదు.