నీళ్ళు తగలకూడని రాయి

బిక్షపతికి కడుపులో మంట మొదలై ఏడాది దాటింది. మాత్ర వేసుకుంటే తగ్గే మంట అయితే ఎప్పుడో వేసుకునేవాడే. ఆ మంటకు పేరుంది, వరస కూడా ఉంది. పేరు దయాకర్. వరసకు సొంత బామ్మర్ది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, అట్టపెట్టెల ఫ్యాక్టరీ పక్క సందులో, పరంధామయ్య గారి రాళ్ళ ల్యాబు ఉంది. బోర్లు వేసేవాళ్ళూ, సిమెంటు కంపెనీలవాళ్ళూ, యూనివర్సిటీ పిల్లలూ అక్కడికి రాళ్ళు మోసుకొస్తారు. ఫలానా రాయి దేనితో అయింది, ఏ జాతిది అని చెప్పాలంటే ముందు దాన్ని గాజుపలక మీద పలుచటి పొరగా చెయ్యాలి. తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండకూడదు. అప్పుడు గాని వెలుతురు రాయిలోంచి దూరి, మైక్రోస్కోపు కింద రేణువులు కనబడవు. రాయిని కోసి, గాజుకు అతికించి, గరుకుపొడిలో నీళ్ళు కలిపి అరగదీసి అరగదీసి అంత పలుచటి స్లైడుగా చేసే పని ఇరవై రెండేళ్ళుగా బిక్షపతిది.

పదో తరగతి తప్పాడు. అయితే మాత్రం ఏమిటట! గుండ్రటి గులకరాళ్ళు అతుక్కుని గట్టిపడితే దాన్ని ఏమంటారో, అవే రాళ్ళు కోసుగా పదునుగా ఉంటే ఏమంటారో ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. మన్ను ముద్దలా గట్టిపడిందా, అట్టల్లా విడిపోతోందా అనేది గోటితో గీరి చెప్పేవాడు. మెత్తటి రాయి వస్తే చిటికెడు పంటికింద వేసుకునేవాడు. కరకరలాడితే ఒండ్రు, జారిపోతే బంకమన్ను. ఆసిడ్ చుక్కకు బుసబుసమని పొంగగానే సున్నపురాయి అని ఎగిరి గంతేసే డిగ్రీ పిల్లల్ని చూసి ముసిముసిగా నవ్వేవాడు. ఇసుకరాయిలో రేణువులను పట్టి ఉంచే జిగురు సున్నమైతే ఇసుకరాయి కూడా పొంగుతుంది మరి. "జర ఆగున్రి సార్, లోపల ఇసుక ఉన్నది," అనేవాడు. వాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. ఆ నోరెళ్ళబెట్టడం చూడటానికే బిక్షపతి పొద్దున్నే రామంతాపూర్ నుంచి బండి వేసుకుని వచ్చేవాడంటే నమ్మండి.

మూడేళ్ళ కింద దయాకర్ పనిచేసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ మూతపడింది. తమ్ముడి కోసం బిక్షపతి భార్య సారలమ్మ మొగుడి ప్రాణం తీసింది. ఆవిడ పోరు పడలేక బిక్షపతే పరంధామయ్య గారి కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి ల్యాబులో పెట్టించాడు. పని కూడా తానే నేర్పాడు. జిగురులో గాలిబుడగ రాకుండా ఎలా అతికించాలో, ఒక అంచు పలుచన, ఒక అంచు మందం కాకుండా వేళ్ళ బరువు ఎలా ఆనించాలో, మైక్రోస్కోపులో ఇసుక రేణువు పసుప్పచ్చగా ఉంటే ఇంకా మందం ఉన్నట్టనీ, బూడిదరంగుకు దిగితే సరిపోయినట్టనీ, అన్నీ చెప్పాడు. వాడు ప్రతిదానికీ "బావా, జర సూడవా," అంటూ వచ్చేవాడు. ఆ పిలుపు వింటే మొదట్లో బిక్షపతికి మస్తు ఖుషీగా ఉండేది.

తర్వాతే వచ్చింది తంటా. వాడి చెయ్యి దేవుడిచ్చిన చెయ్యి. బిక్షపతి రోజుకు ఆరు స్లైడ్లు చేస్తే వాడు తొమ్మిది చేసేవాడు, అదీ ఈల వేసుకుంటూ. కస్టమర్లు కౌంటరు దగ్గరే "దయాకర్ చేతితో చేయించండి," అని చెప్పడం మొదలుపెట్టారు. బిక్షపతికి ఒళ్ళు భగ్గుమనేది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక బామ్మర్ది స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, దొంగను వెతికినట్టు తప్పు కోసం వెతికేవాడు. ఒక్క బుడగ లేదు. ఊడిపోయిన రేణువు లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే బూడిదరంగు. ఒక్క తప్పు దొరికినా అన్నం సహించేదేమో పాపం, దొరక్క సగం డబ్బా అలాగే ఇంటికి తీసుకుపోయేవాడు. ఇంటి దగ్గరేమో సారలమ్మ, "మా తమ్మునికి సార్ మస్తు ఇజ్జత్ ఇస్తుండంట గద!" అని తెగ మురిసిపోయేది.

అయితే బిక్షపతి ఒక్కటి మాత్రం వాడికి నేర్పలేదు. కొన్ని మన్నురాళ్ళున్నాయి, పైకి గట్టిగానే ఉంటాయి. నీళ్ళు తగిలాయా, ఉబ్బి, పగిలి, బురదైపోతాయి. వాటిని నీళ్ళు లేకుండా కోసి, కిరసనాయిలుతో అరగదీయాలి. అలాంటి రాయి వస్తే బిక్షపతి వెనక రేకుల షెడ్డులోకి పట్టుకుపోయి, తలుపు దగ్గరగా వేసుకుని చేసేవాడు. ఏం చేశావని అడిగితే, "గది నా పని తియ్యి," అనేవాడు. ల్యాబు మొత్తంలో ఆయన ఒక్కడికే వచ్చిన పని అదొక్కటే మిగిలింది.

ఇంతలో పరంధామయ్య గారు మేడిపల్లిలో రెండో ల్యాబు పెడుతున్నానని చెప్పారు. అక్కడ స్లైడ్ల గది బాధ్యత ఎవరికి ఇచ్చేదీ సోమవారం చెబుతానన్నారు. ఇరవై రెండేళ్ళ చాకిరీకి ఆ కుర్చీ తనకే రావాలని బిక్షపతి గట్టిగా అనుకున్నాడు. రాదేమోనని అంతకంటే గట్టిగా భయపడ్డాడు. నిన్నగాక మొన్న వచ్చిన బామ్మర్ది చేతికింద పనిచేయడం కన్నా ఉప్పల్ చౌరస్తాలో అరటిపండ్లు అమ్ముకోవడం నయమనిపించింది.

శనివారం పొద్దున హరిత అనే పరిశోధక విద్యార్థిని దూదిలో చుట్టిన రాయి తెచ్చింది. బొటనవేలంత ఉంది, బూడిదరంగు, ఒంటినిండా సన్నటి చారలు. గోదావరి వైపు ఎంతో లోతు బోరులోంచి వచ్చిందట. మిగతా ముక్కలన్నీ పెట్టెలోనే పొడిపొడిగా రాలిపోయాయి, ఇదొక్కటే మిగిలింది.

"నా మూడేళ్ళ పని దీని మీదే ఉంది సార్. జాగ్రత్త," అంది. అయ్యేదాకా ఉంటానని కౌంటరు దగ్గర కూర్చుంది.

పరంధామయ్య గారు రాయిని అటూ ఇటూ తిప్పి చూశారు. బిక్షపతి అప్పటికే చెయ్యి చాపాడు. మెత్తటి రాయి కదా, తనది కాక ఇంకెవరిది?

"దయాకర్! ఇది నువ్వు చెయ్యి. నీ చెయ్యి తేలిక," అన్నారాయన.

చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బిక్షపతి చొక్కా జేబు తడుముకున్నాడు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఉన్న ఒక్క పనీ పోయింది. ఇక సోమవారం చెప్పడానికి మిగిలిందేముంది? వీడు పుట్టకపోతే ఏం పోయేదని, తానే భుజాన మోసి తెచ్చిన బామ్మర్దిని ఆ క్షణంలో కసితీరా తిట్టుకున్నాడు.

పావుగంట తర్వాత దయాకర్ రాయి పట్టుకుని వచ్చాడు.

"బావా, జర సూడవా. ఇది మెత్తగున్నది. మిషన్ కింద నీళ్ళు పెట్టి కోయొచ్చా?"

బిక్షపతి రాయిని బొటనవేలితో ఒక్కసారి రుద్దాడు. సబ్బులా జారింది. రాయేమిటో వేలికి తెలిసిపోయింది. వద్దురా అనే మాట గొంతు దాకా వచ్చింది కూడా. అక్కడ కూర్చున్న కుళ్ళు దాన్ని పైకి రానిస్తేగా!

"కొయ్యి. ఏం గాదు," అన్నాడు.

దయాకర్ వెళ్ళాడు. కోత మిషన్ మోగింది, నీళ్ళ చప్పుడు మొదలైంది. పరుగెత్తుకెళ్ళి స్విచ్ ఆపడానికి పది అడుగులు. బిక్షపతి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, చేతిలోని గాజుపలకను ఊరికే తుడిచాడు. మిషన్ ఆగింది. లోపల దయాకర్ కేక వినబడింది.

అందరూ చేరేసరికి ట్రేలో బూడిదరంగు బురద ఉంది. బఠానీగింజంత రెండు ముక్కలు కూడా వాళ్ళు చూస్తుండగానే విచ్చుకుని కరిగిపోయాయి. హరిత ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ఇందులో ఏ ఖనిజాలు ఉన్నాయో ఈ బురద పరీక్ష చేసినా తెలుస్తుంది సార్," అంది నెమ్మదిగా. "ఏ రేణువు దేని మీద ఎలా పేరుకుందో, ఆ పొరలు కావాలి నాకు. అవే పోయాయి."

పరంధామయ్య గారు దయాకర్ మీద విరుచుకుపడ్డారు. "మన్నురాయిని నీళ్ళలో పెడతావట్రా! తెలియకపోతే అడిగి చావొచ్చుగా! మీ బావ పక్కనే ఉన్నాడుగా!"

అయిపోయింది, వీడు నోరు విప్పుతాడు, తన బతుకు బజారున పడుతుంది అనుకున్నాడు బిక్షపతి.

"నాదే తప్పు సార్. తొందర పడ్డ," అన్నాడు దయాకర్. బావ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"సోమవారం నుంచి రావద్దు," అన్నారు పరంధామయ్య గారు. ఇటు తిరిగి, "బిక్షపతీ, మేడిపల్లి గది నువ్వే చూసుకో. నీకంటే నమ్మకస్తుడు ఎవడున్నాడు నాకు," అన్నారు.

అడిగిందంతా దొరికింది. ఏడాదిగా కలవరించిన కుర్చీ, అడ్డు తొలగిన బామ్మర్ది, రెండూ ఒక్క పూటలోనే. సంతోషం మాత్రం ఎంత వెతికినా ఎక్కడా కనబడలేదు.

సాయంత్రం ఇద్దరూ ఎప్పటిలాగే ఒకే బండి మీద బయలుదేరారు. బిక్షపతి నడుపుతున్నాడు, దయాకర్ వెనక రెండు టిఫిన్ డబ్బాల సంచి పట్టుకుని కూర్చున్నాడు. నాచారం రోడ్డంతా లారీల రద్దీ. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడ్డాక బిక్షపతి ఉండబట్టలేక అడిగాడు.

"సార్ కు నా పేరెందుకు చెప్పలేదురా?"

"నీకు ఇరవై రెండేండ్ల సర్వీసు బావా. ఒక్క తప్పుకు అదంత పోతదా? నేనంటె పడుసోన్ని, ఇంకెక్కడన్న సూసుకుంట. ఎంతటోడైన ఒక్కోసారి పొరబడ్తడు తియ్యి."

పొరబడ్డాడట! వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"అసలు నాక్కూడ డౌట్ కొట్టింది బావా. నాలుక మీద పెట్టి సూసిన, బంకమన్ను లెక్క టక్కున అతుక్కున్నది. షెడ్డు నుంచి కిరసనాయిలు వాసన వస్తది గద, గిసుంటి రాళ్ళకే అయ్యుంటదని ఎప్పుడో అనుకున్న. గందుకే నిన్నడిగిన. నువ్వు సేత్తోని పట్టి సూసి ఏం గాదన్నవ్. నువ్వు సూసినంక ఇగ నా డౌటెంత అని కోసిన."

సిగ్నల్ పచ్చబడింది. వెనక బస్సు హారన్ కొడుతోంది. ఎడమకు తిరిగితే ఇల్లు. బిక్షపతి బండిని వచ్చిన దారికే తిప్పాడు.

"ఏంది బావా, ఏమన్న మర్సినవా?" అని దయాకర్ అడుగుతూనే ఉన్నాడు.

పరంధామయ్య గారు షట్టరు కిందికి దించుతున్నారు. బండి స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండానే బిక్షపతి ఆయన ముందు నిలబడ్డాడు.

"సార్, ఆడు నన్ను అడిగిండు. నీళ్ళు పెట్టొచ్చా అని రాయి నా సేతుల పెట్టి అడిగిండు. నేనే పెట్టుమన్న."

"పొరపాటు పడ్డావా?"

ఎంత తేలికైన దారి! అవునంటే చాలు. దయాకర్ కూడా వెనక నుంచి, "అవు సార్, పొరపాటే," అన్నాడు.

"పొరపాటు గాదు సార్," అన్నాడు బిక్షపతి. "బురదైతదని తెల్సి పెట్టుమన్న. కండ్లమంట సార్. ఆడు నాకంటె మంచిగ జేస్తడు. ఏడాది సంది ఆని స్లైడ్లల్ల తప్పు దేవులాడిన, ఒక్కటి గుడ దొరకలే. దొరక్కపాయె అని నేనే జేసి పెట్టిన. పాపం ఆ పిల్ల మూడేండ్ల కష్టం మీద నీళ్ళు పోసింది నేను. పంపితె నన్ను పంపున్రి."

పరంధామయ్య గారు షట్టరు సగంలో అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

బిక్షపతి వెనక్కి తిరగడానికి చాలా సేపు పట్టింది. దయాకర్ మొహంలో కోపం కోసం చూశాడు. తిడితే పడదామని, చెయ్యి చేసుకున్నా సరేనని సిద్ధపడ్డాడు. వాడు మాత్రం బావను కొత్త మనిషిని చూసినట్టు ఎగాదిగా చూశాడు. తర్వాత టిఫిన్ డబ్బాల సంచి తెచ్చి బండి హ్యాండిల్ కు తగిలించాడు.

"అక్కకు నువ్వే చెప్పుకో," అన్నాడు. బావా అనలేదు.

సందు చివర ఉప్పల్ వెళ్ళే షేర్ ఆటో ఆగి ఉంది. దయాకర్ నడిచి వెళ్ళి అందులో ఎక్కాడు.