ప్లీడరు కుందేలు చెవులు

లలిత పెళ్లయి మెదక్ వచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్లలో భర్త జయానందంతో ఆమె మాట్లాడిన మాటలన్నీ అన్నం, చాయ్, స్నానానికి నీళ్ల చుట్టూనే తిరిగాయి. అతను చెడ్డవాడేమీ కాదు. బడిలో లెక్కల సారు, ఇంట్లోనూ సారులాగే ఉండేవాడు. అడిగితే జవాబు చెప్పేవాడు, అడక్కపోతే పేపరు చదువుకునేవాడు. లలితకేమో అడగాలంటే సిగ్గు.

ఆ రోజుల్లో వాళ్లింటికొచ్చే వారపత్రిక చివరి పేజీలో 'ప్లీడరు కుందేలు' అని బొమ్మల కథ వచ్చేది. నల్లకోటు, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు, గుండీలు తెంచుకునేలా పొడుచుకొచ్చిన బొజ్జ. ప్రతి కేసూ ఓడిపోయి, ఆపైన కక్షిదారు చేతనే మెడలో దండ వేయించుకునే రకం. పిల్లలకు ఆ కుందేలంటే పిచ్చి. జయానందం శనివారం చివరి గంటలో దాన్ని నల్లబల్ల మీద గీస్తాడనీ, పిల్లలు కేకలు పెడతారనీ పక్కింటి శివమ్మ చెప్పింది. ఇంట్లో నోరు మెదపని మనిషి బడిలో కుందేళ్లు గీస్తాడా! లలితకు నమ్మబుద్ధి కాలేదు.

ఒక ఆదివారం చర్చికి వెళ్లొచ్చి, భోజనాలయ్యాక అత్తగారు దానమ్మ వసారాలో మంచం మీద నడుం వాల్చింది. లలిత పత్రిక పట్టుకుని గదిలోకి వెళ్లింది.

"ఇది గీసుడు నాకు నేర్పిస్తరా?"

జయానందం తలెత్తి చూశాడు. ఆమె వెనక్కి తగ్గబోయేంతలో లేచి, పాత పరీక్ష కాగితాలు, పెన్సిలు తెచ్చి కింద కూర్చున్నాడు.

"కూసో. ముందుగాల కోడిగుడ్డు గియ్యి, నిలువుగ. అది కడుపు. మీద చిన్న గుండ్రం, తలకాయ. గా గుండ్రం మీద రెండు ఆకులు నిలవెట్టినట్టు చెవులు. జర వదులుగ పట్టుకో పెన్సిలు."

అతను గీస్తుంటే చూడడానికి ఎంత సులువుగా ఉందో! నాలుగు గీతల్లో కుందేలు కాగితం మీద కూర్చుని వాదించబోతున్నట్టుంది. లలిత చేతికి పెన్సిలు రాగానే గుడ్డు గుమ్మడికాయ అయింది. చెవులు తాటాకుల్లా లేచాయి. నాలిక కొస పంటికింద పెట్టుకుని ఎంతో కష్టపడి కళ్లద్దాలు తగిలించి, అతని ముందు పెట్టింది.

జయానందం లెక్కల కాగితం దిద్దినట్టు మొదలుపెట్టాడు. "చెవులు గింత పొడుగుంటయా? ముక్కు సూడు, వంకర వోయింది. పండ్లు బయటికి రావాలె, లోపటికి వోయినయి." ఉత్సాహంలో గొంతు పెరుగుతోంది. "కడుపైతే కుండ లెక్కున్నది! గిసొంటి మొఖం ఎవలు సూస్తరు?"

లలితకు ఏడుపు రాలేదు. అతను ఇన్ని మాటలు ఆమెతో ఎన్నడూ అనలేదు మరి.

వసారాలో మంచం కిర్రుమంది. తలుపు ధడాలున తెరుచుకుంది. గుమ్మంలో దానమ్మ, కొంగు నడుముకు చుట్టి ఉంది.

"ఏం రా! నోరుందని ఏదంటే అది అంటవా పిల్లను? చెవులు పొడుగా? ముక్కు వంకరనా? చర్చిల అయ్యగారి ముందట ఉంగరం వెట్టిననాడు కనవడలేదా నీకు ఆ చెవులు?"

"అమ్మా, అది గాదే..."

"నోరు ముయ్యి! మీ నాయిన చెవులు తట్టలంతుండె. ముప్పై ఏండ్లు కాపురం జేసిన, ఒక్కనాడన్న అన్ననా? నేను జూసి తెచ్చిన బంగారమసొంటి పిల్ల!" కోడలి వైపు తిరిగింది. "నువ్వేం పరేషాన్ గాకు బిడ్డా. రేపు గీనికి అన్నమే వెట్టకు."

లలిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని దానమ్మ దగ్గరికొచ్చి తల నిమిరింది. అప్పుడిక ఆపుకోవడం లలిత వల్ల కాలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి పకపకా నవ్వింది. నవ్వుతూనే కాగితం అత్త చేతికిచ్చింది.

"గీ చెవులు అత్తమ్మా. ప్లీడరు కుందేలువి."

దానమ్మ కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. పత్రికలోని బొమ్మ పక్కన పెట్టి చూసింది.

"పొడుగే ఉన్నయి," అని ఒప్పుకుంది చివరికి. కానీ వచ్చిన కోపాన్ని ఊరికే పోనివ్వడం ఆమెకు ఇష్టం లేదు. "అయినా గట్లనా చెప్పుడు? ముందు ఒక్క మంచిమాట చెప్పి, ఎన్కసీరి తప్పు చెప్పాలె. చెప్పు, ఏం బాగున్నది గీ బొమ్మల?"

జయానందం చిక్కుల్లో పడ్డాడు. కాగితం తీసుకుని పైనుంచి కిందికి వెతికాడు. తల్లి కదలడం లేదు. లలిత కూడా అతని వైపే చూస్తోంది.

"మీసాలు," అన్నాడు. తర్వాత నిజంగానే మళ్లీ చూశాడు. "మీసాలు మస్తున్నయి. నాకన్నా బాగ గీసింది. గాలికి కదిలినట్టే ఉన్నయి."

లలిత చెవులు వేడెక్కాయి. తలవంచుకుని ఇంకో కాగితం తీసుకుంది. ఈసారి గుడ్డు గుడ్డులాగే వచ్చింది. చెవులు రెండు ఆకులై నిలబడ్డాయి. కళ్లద్దాలు జారాయి, పళ్లు బయటికొచ్చాయి. అతను చెయ్యి పెట్టలేదు, తప్పులూ పట్టలేదు. కోటు నల్లగా నింపడం అయ్యాక, దండ ఒకటి తనంతట తానే వేసింది లలిత. ఆ బంతిపూలను చూసి జయానందం నవ్వాడు. అతని పలువరస బాగుంటుందని ఆమె గమనించడం అదే మొదలు.

"జర జరుగుండ్రి," అంటూ దానమ్మ కింద చతికిలబడింది. "నాకూ ఓ కాగితం ఇయ్యి. కోడిగుడ్డేగద, మొదలు?"

ఆమె గుడ్డు గీసింది. తల పెట్టింది. చెవులు పెట్టేసరికి అది కుందేలు కాలేదు, గాడిదా కాలేదు. కొడుకు పెదవులు బిగబట్టి కోడలి వంక చూశాడు, మంచిమాట వెతకమన్నట్టు.

"బొజ్జ నిండుగున్నది అత్తమ్మా," అంది లలిత. "కేసులన్నీ గెలిచినోని లెక్క."