వినే మేడమ్

సోమవారం పొద్దున ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మా వారు దొంతర మధ్యలోంచి తన చొక్కా లాక్కుంటూ అన్నారు, "నీ చూపే మారిపోయింది. మొన్న మా చెల్లెలు పిల్లల్ని తీసుకొస్తే వాళ్ళ చేతులే చూస్తూ కూర్చున్నావు. పోలీసు ఇంట్లో కూర్చున్నట్టుందని నవ్వుకుంది." నవ్వుకున్నది ఆవిడ కాదు, ఈయనే. ఆ సంగతి నాకు తెలుసు. వంటింట్లోంచి అత్తయ్య, "ఊరి పిల్లల బాగోగులు చూసేదానికి ఇంట్లోవాళ్ళకి వేళకింత పెట్టడం తెలీదు" అన్నారు. అప్పటికే ఆవిడ తింటున్నారు. వండిపెట్టింది నేనే.

నేను పిల్లల సంక్షేమ కార్యాలయంలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇళ్ళలో దెబ్బలు తిన్న పిల్లల్ని, భయంతో బిగుసుకుపోయిన పిల్లల్ని కలవడం, వాళ్ళెక్కడుంటే క్షేమమో చూసి రాయడం నా పని. ఈమధ్య మా ఆఫీసులో ఒక కొత్త ఏర్పాటు చేశారు. పిల్లల గాయాలు చూసి చూసి మా మనసులూ గాయపడతాయట, మేం చెప్పేది వినడానికి ఒకావిడ ప్రతి బుధవారం వస్తారట. ఇదే పనిచేసి రిటైరైన మనిషి. పాత ఫైళ్ళ గది ఖాళీ చేసి రెండు కుర్చీలు వేశారు. మనిషికో గంట. మేం ఆవిడకు 'వినే మేడమ్' అని పేరు పెట్టాం.

నాకు నమ్మకం కుదరలేదు. నిరుడు నా పక్క సీటావిడ ఒక మీటింగులో, ఓ పసిపిల్ల ఏడుపు తన చెవుల్లోంచి పోవడం లేదని నోరు జారింది. ఆఫీసరు ఎంతో జాలిగా, "కాస్త విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారు. నెల తిరక్కుండా ఆమె కేసులన్నీ తీసేసి టపా రిజిస్టరు ముందు కూర్చోబెట్టారు. అందుకే నేను మూడు బుధవారాలు బస్సు ఆలస్యం గురించీ, ఆ గదిలో ఫ్యాను చప్పుడు గురించీ మాట్లాడి వచ్చాను. వినే మేడమ్ గుచ్చి గుచ్చి అడగలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. ఏమీ అడగనివాళ్ళే ఎక్కువ రాసుకుంటారు.

ఆ సోమవారం మధ్యాహ్నం, తల్లి దగ్గర్నుంచి తెచ్చి తన పిన్ని ఇంట్లో ఉంచిన ఎనిమిదేళ్ళ పిల్లను చూడటానికి వెళ్ళాను. పిన్ని మమ్మల్నిద్దర్నీ వదిలి బయటికి వెళ్ళింది. పిల్ల గుమ్మం కనిపించేలా గోడకానుకుని కూర్చుంది. నిద్ర బాగుంది. బడి బాగుంది. పిన్ని బాగుంది. అంత నీటుగా అబద్ధమాడే గొంతు ఎక్కడో విన్నాననిపించింది. ఫ్యాను గురించి మాట్లాడేటప్పటి నా గొంతే అది.

"నాతో చెప్పొచ్చు తల్లీ," అన్నాను.

"ముందొచ్చిన అక్క కూడా అలాగే అంది. ఎవరికీ చెప్పనంది. మర్నాడే అమ్మకి తెలిసిపోయింది."

నేనలాంటిదాన్ని కాదని అనబోయి ఆగాను. ఆ అక్క కూడా సరిగ్గా అదే అని ఉంటుంది. "నన్ను నమ్మక్కర్లేదు," అన్నాను. "నీకేదైనా ప్రమాదముంటే నేను ఆఫీసులో చెప్పి తీరాలి. అమ్మకి చెప్పాల్సొస్తే ముందు నీకు చెప్తాను. ఏం రాశానో చదివి వినిపిస్తాను. ఈరోజు ఏమీ చెప్పకపోయినా సరే, మళ్ళీ వస్తాను."

చాలాసేపు గోడ సున్నం గోటితో గీకుతూ కూర్చుంది. "పిన్ని మంచిదే," అంది చివరికి. "నా గది తలుపుకి లోపల గడియ లేదు. పాతింట్లో కూడా లేదు."

రాసింది చదివి వినిపించాను. 'పాతింట్లో కూడా' అన్న మాట కింద గీత గీయమంది. గడియ సంగతి పిన్నితో చెప్పనా అని అడిగి, తలూపాక చెప్పాను. పిన్ని ముఖం పాలిపోయింది. సాయంత్రంలోగా వడ్రంగిని పిలిపించింది.

బుధవారం వినే మేడమ్ ఎదుట కూర్చోగానే అడిగాను, "ఇక్కడ నేను చెప్పేది ఎక్కడికెళ్తుంది?"

ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "మీలో ఎవరు తట్టుకోలేకపోతున్నారో పేర్లిమ్మని మీ ఆఫీసరు అడిగారు. ఇవ్వనని రాసిచ్చాను. ఏ పిల్లకైనా ప్రమాదముందంటే మాత్రం చెప్పక తప్పదు. నన్నింకెన్నాళ్ళు రానిస్తారో నాకూ తెలీదు."

"మొదటి రోజే చెప్పాల్సింది."

"అవును. తప్పు నాదే. మీరు అనుమానపడ్డారంటే మీ బుర్ర సరిగ్గానే పనిచేస్తోందమ్మా."

నా అనుమానాన్ని ఇంట్లో జబ్బన్నారు, ఆఫీసులో ఒత్తిడన్నారు. బుర్ర పనిచేయడమని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. ఆ పిల్ల గురించి చెప్పాను. గడియ మాట విన్నప్పటినుంచీ మా ఇంట్లో స్నానాల గది తలుపు కూడా రెండేసిసార్లు లాగి చూసుకుంటున్నానని చెప్పాను. ఆవిడ ఏమీ రాసుకోలేదు. గంట అయిపోయాక కూడా కాసేపు కూర్చున్నారు.

ఇంటికొచ్చేసరికి నా కళ్ళు వాచి ఉన్నాయి. మా వారు పేపరు పక్కన పెట్టి నా ముఖంలోకి చూశారు. ఏమైందని అడుగుతారనుకున్నాను.

"మీ ఆఫీసుకొచ్చే ఆవిడతో మనింటి సంగతులేం చెప్పలేదు కదా?"

"మనింటి సంగతులంటే?"

"అదే. ఇంట్లో మాటలు ఇంట్లోనే ఉండాలి."

గుమ్మడికాయల దొంగ ఎవరని నేనింకా అడగనే లేదు, ఆయన అప్పుడే భుజాలు తడుముకుంటున్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. పద్నాలుగేళ్ళుగా ఎందరో పిల్లలు నా ఎదుట తల వంచుకుని చెప్పారు, ఇంట్లో మాటలు బయట చెప్పొద్దన్నారని. అది విన్నాక ఏ ఇంటి గడపా నేను ఊరికే దాటి రాలేదు.

"ఇంకా చెప్పలేదు," అన్నాను. "వచ్చే బుధవారం చెప్తాను."