రెండో నంబరు క్యాను

ఆత్మకూరులో చెంచులక్ష్మి పాత సామాన్ల కొట్టుకి బోర్డు లేదు, అవసరమూ లేదు. బద్వేలు రోడ్డు మీద పోయేవాళ్ళకి ముందు గుట్టగా పోసిన కుర్చీల కాళ్ళు కనపడతాయి, తర్వాత ఆమె గొంతు వినపడుతుంది. ప్లాస్టిక్ విషయంలో ఆ గొంతుకి ఎదురు లేదు. చదివింది ఐదో తరగతే అయినా, ఏ వస్తువునైనా వేలితో కొట్టి, గోటితో గీకి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. అడుగున త్రికోణంలో ఉండే నంబరు చూసేది ఎదుటివాళ్ళకి రుజువు చూపించడానికే. ఒకటో నంబరు నీళ్ళ సీసాలు నెలల తరబడి నింపుకుని తాగేవి కావని వచ్చిన ప్రతివాడికీ చెబుతుంది. మూడో నంబరు పైపుల్ని కాలిస్తే ఆ పొగ ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది కాబట్టి కొట్టు దరిదాపుల్లో ఎవరినీ అగ్గిపుల్ల గీయనివ్వదు. థర్మాకోల్ ప్లేట్లో వేడి సాంబారు పోసుకుని తినేవాళ్ళని చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

రెండో నంబరంటే మాత్రం ఆమెకి ఇష్టం. పాల క్యాన్లు, నీళ్ళ క్యాన్లు, పెద్ద డ్రమ్ములు అన్నీ అదే జాతి. కింద పడేసినా పగలదు, ఎండకీ వానకీ ఓర్చుకుంటుంది. చిక్కల్లా ఒకటే, పురుగుమందు కంపెనీలు కూడా మందు పోసేది అందులోనే. అందుకని క్యాను ఏది వచ్చినా చెంచులక్ష్మి ముందు అడిగే మాట, "దీంట్లో ఏం పోసినారు?" మందని తేలితే కాల్చిన చువ్వతో అడుగున చిల్లి పొడిచేస్తుంది. చిల్లి పడ్డ క్యాను ప్లాస్టిక్ కరిగించే మిల్లుకి తప్ప ఇంకెవరింటికీ పోదు.

ఆ సోమవారం పదకొండు గంటలప్పుడు వెంకటేష్ ట్రాలీ ఆటోలో సరుకు దించాడు. ఊళ్ళ వెంబడి తిరిగి పాత సామాను ఏరుకొచ్చేది అతనే. దించినవాటిలో మూడు నీలం క్యాన్లు ఉన్నాయి. ఒకదానికి సగం కాగితం ఇంకా అంటుకునే ఉంది, దాని మీద ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ.

"ఇయ్యి యాడియిరా?" అంది చెంచులక్ష్మి.

"మిరప తోటలోయి అక్కా. పోయిన గురువారం తెచ్చిన క్యాను గూడా ఆ షెడ్డులోదే. దాన్నంటే కాలవలో ఇసకేసి తోముకోనొచ్చినా. వీటికి టయిం లేకపాయె."

"ఏ క్యాను?"

"అదేక్కా, మీ ఊరి పెద్దాయన తీసుకోని పొయ్యినాడే. కొత్తదాని మాదిరి ఉండింది గదా!"

ఆ పెద్దాయన మాలకొండయ్యే. ఆయనది ఉదయగిరి కొండ కింద పల్లె, ఆమె పుట్టిన ఊరు. వరసకి పెదనాన్న, గొర్రెల మంద ఉన్న మనిషి. ఆ గురువారం పొలం కాగితాల పని మీద ఆత్మకూరు వచ్చి, ఊరి ఆడబిడ్డని పలకరిద్దామని కొట్టుకొచ్చాడు. కోడలు రజినికి ఐదో నెలనీ, బోరు నీళ్ళు ఒంటికి పడటం లేదనీ, ఆ పిల్ల ఒక్కదానికీ ప్లాంటు నీళ్ళు పట్టి పెట్టడానికి క్యాను కావాలనీ చెప్పాడు. వెంకటేష్ అప్పుడే దించిన నీలం క్యాను తళతళలాడుతోంది. చెంచులక్ష్మి దాన్ని తిరగేసి, కళ్ళజోడు లేని ఆ ముసలాయన వేలు పట్టుకుని మరీ నంబరు తడిమించింది. "రెండో నంబరు పెదనాయనా. పాలు పోసుకో, నీళ్ళు పోసుకో. నీ మనవడి కాలానికి గూడా పగలదు" అంది.

పుట్టింటి మనిషి ముందు తెలివి చూపించే సంబరంలో, ఏం పోసినారన్న మాట అడగడమే మరిచిపోయింది.

నంబరు ఆ క్యాను దేనితో చేశారో చెబుతుంది గానీ, అందులో ఏం పోశారో చెప్పదు. పైగా ఆ జాతి ప్లాస్టిక్ మందుని గోడల్లోకి పీల్చుకుంటుంది. పైన ఎంత తోమినా లోపలిది పోదు, కొద్దికొద్దిగా నీళ్ళలోకి వదులుతూనే ఉంటుంది. ఇది తెలియనివాళ్ళు చేస్తే పొరపాటు. అన్నీ తెలిసిన తను చేస్తే ఏమనాలి?

మాలకొండయ్యకి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది, మళ్ళీ స్విచాఫ్. రజిని మొగుడు లారీ మీద ఎక్కడున్నాడో, అతని నంబరు తన దగ్గర లేదు. క్యాను మీద మిగిలిన మందు కాగితం చించి చీర కొంగున ముడేసుకుని, కొట్టు వెంకటేష్‌కి అప్పగించి బస్టాండుకి పరుగెత్తింది.

ఉదయగిరి బస్సు కదలడానికి ఇంకా పావుగంట ఉందన్నాడు కండక్టరు. ఆ పావుగంటలో ఆమె రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లు దిగింది. బస్సు కదిలాక కూడా స్థిమితం లేదు. ముందు సీటు ఆవిడ పల్చటి కవర్లో పొగలు కక్కే టీ పార్సిల్ పట్టుకుని కూర్చుంది. ఇంకో రోజైతే చెంచులక్ష్మి ఆ కవరు లాక్కుని చిన్న ఉపన్యాసం ఇచ్చేది. ఇవాళ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరందరికీ నీతులు చెప్పి సొంత ఇంటికి విషం పంపినదాన్ని, నేనెవరికి చెప్పాలి అనుకుంది. గురువారం, శుక్రవారం, శని, ఆదివారం. వేళ్ళు మడిచి లెక్కేసింది, మళ్ళీ విప్పింది. రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతుంది? వేసవి కదా, ఎక్కువే తాగుతుంది. బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగింది, ఒక చోట మేకలు అడ్డమొచ్చి ఆగింది. దిగి నడిచినా ఇంతకంటే త్వరగా పోతానేమో అనిపించింది ఆమెకి.

ఉదయగిరిలో దిగి, ఆటో మాట్లాడుకుని పల్లె చేరేసరికి రెండు దాటింది. మాలకొండయ్య పంచలో మంచం మీద కునుకు తీస్తున్నాడు. గుమ్మం పక్కన ఎత్తుపీట మీద నీలం క్యాను, దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆ బొట్టు చూసేసరికి చెంచులక్ష్మికి ఏడుపొచ్చేసింది.

"పెదనాయనా, రజిని యాడ? ఆ నీళ్ళు తాగనియ్యబాకండి! అది పురుగుమందు క్యాను."

మాలకొండయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఏంది మే నువ్వనేది? రెండో నంబరు మంచిదని నువ్వే గదా చెప్పింది!"

"చెప్పినా. ముందు దాంట్లో ఏం పోసినారో అడగలా. తప్పు నాది."

లోపల్నించి మాలకొండయ్య భార్య ఆదెమ్మ వచ్చింది, ఆమె వెనక రజిని. మనిషి వాడిపోయి ఉంది గానీ నిలబడే ఉంది. ఆదెమ్మ క్యాను వంకా కోడలి వంకా చూసింది.

"ఎంత తాగినావమ్మా?" అంది చెంచులక్ష్మి.

రజిని అత్తగారి వైపు చూసింది. "వీళ్ళు చూస్తా ఉంటే రెండు గుక్కలు తాగినా. చూడకుంటే మల్లెచెట్టు కాడ పోసినా. దప్పికైతే చాటుగా బోరు నీళ్ళే తాగినా."

"పారబోసినావా?" అన్నాడు మాలకొండయ్య. కోపమో భయమో ఆయనకే తెలియదు.

"వాసన మామా. మొదటి రోజే చెప్పినా గదా."

అదే ఆటోలో అందరూ ఉదయగిరి ఆసుపత్రికి పోయారు. దారి పొడుగునా చెంచులక్ష్మి ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ ఏ మందని అడిగింది. కొంగు ముడి విప్పి కాగితం ఇచ్చేటప్పుడు, "క్యాను అమ్మింది నేనే మేడం" అని చెంచులక్ష్మి అడక్కముందే చెప్పేసింది. డాక్టరమ్మ కాగితం చదివి, రక్తం తీయించి, పొట్ట మీద మిషను పెట్టి చాలాసేపు విన్నది.

"బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. తాగింది తక్కువే అయినట్టుంది. రేపటిదాకా ఇక్కడే ఉంచండి, రిపోర్టులు వచ్చాక చూద్దాం" అంది డాక్టరమ్మ.

ఆమె అటు పోగానే చెంచులక్ష్మి మంచం పక్కన కూర్చుంది. ఏడవకుండా మాట్లాడాలనుకుంది, కుదరలేదు. "నన్ను తిట్టు రజినీ. నోరారా తిట్టు, పడతా."

"నిన్నెందుకు తిట్టేది వదినా? తప్పని తెలిసిన రోజే పరిగెత్తుకోనొచ్చినావు." రజిని గోడ వైపు చూస్తూ చెప్పింది. "నాలుగు దినాలుగా మొత్తుకుంటా ఉండా. వాసనొస్తా ఉండాది అత్తా అంటే, కడుపుతో ఉండేవాళ్ళకి అన్నీ వాసనే అనె. మామ క్యాను తిరగేసి నంబరు చూపిచ్చినాడు, చెంచులక్ష్మి కంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే అందరూ నమ్మినారు."

తిట్టినా బాగుండేదనిపించింది చెంచులక్ష్మికి. ఊరందరి చేతా తన మాటే వేదమనిపించుకోవాలని ఇన్నేళ్ళుగా అరిచింది. ఆ మాటే ఈ పిల్ల నోరు నొక్కింది.

మాలకొండయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. కొళాయి దగ్గరికి పోయి స్టీలు గ్లాసు కడిగి, నింపుకొచ్చాడు. కోడలి చేతికి ఇవ్వబోయి ఆగాడు. గ్లాసు ఆ పిల్ల ముఖం దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు నువ్వు వాసన చూడమ్మా" అన్నాడు. "నువ్వు బాగుండాయంటేనే తాగు."

రజిని గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూస్తుంటే, ముగ్గురూ ఆ పిల్ల ఏమంటుందోనని ఎదురుచూశారు.