బల్లకాలి కింది చెక్క

వేకువనే క్రిసాంతో వంగి, రొట్టెలు తట్టే బల్ల కాలి కింది చెక్కముక్కను లాగాడు. బల్ల ఒక పక్కకి ఒరిగింది. మొక్కజొన్న పిండి తడుతున్న భార్య ఎలీదియా చెయ్యి జారింది.

"ఏమయ్యా, ఏడేళ్ళుగా కుదురుగా ఉన్న బల్ల ఇవాళ నీకేం పాపం చేసింది?"

అతను ముక్కను చొక్కాలో దోపుకుని బయటపడ్డాడు. అరచేతంత ముక్క. ఒక వైపు బెరడు గరుకు ఇంకా పోలేదు. పన్నెండు వందల ఏళ్ళ నాటి సపోటా దూలంలోది అది.

కుర్రతనమంతా పెతేన్ అడవిలో సపోటా జిగురు గీసి బతికినవాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు మాయా జాతివాళ్ళ పాత గుళ్ళ తవ్వకాల్లో కూలి. కత్తి పట్టాడంటే పనితనం చూసి తీరాల్సిందే. ఆ పనితనమే కొంప ముంచింది. గుడి వయసు తేల్చడానికి గుమ్మం మీది దూలం నుంచి ఒక ముక్క కోసిమ్మని తవ్వకాలు నడిపే ఒఫేలియా అమ్మ అడిగితే, మాసిన పైపొరతో ఇవ్వడానికి మనసొప్పలేదు. నార వెంట చీల్చి, ఆ పైపొర ముక్కను బల్లకాలికని దాచుకుని, నిగనిగలాడే చేవ ఆవిడ చేతికిచ్చాడు. "అబ్బ, ఎంత నున్నగా కోశారు!" అని ఆవిడ మురిసిపోయింది.

ప్రయోగశాలవాళ్ళు ఆ చేవలోని కర్బనం కొలిచి, గుడి రాతి మీద చెక్కిన తేదీకంటే నూరేళ్ళు పాతదని లెక్క తేల్చారు. ఆవిడ చెక్కనే నమ్మింది. మాయా తేదీలను ఇప్పటి కేలెండరుతో కలిపే లెక్కే తప్పని రాసింది. తక్కిన దూలాలన్నీ పాత లెక్కకే సరిపోయాయి. ఆ విద్యలో పెద్దలు నవ్విపారేశారు. నిరుడు ఆవిడ కొత్తవాళ్ళకి చెబుతుంటే క్రిసాంతో విన్నాడు: చెట్టు లోపలి చేవ పాతది, నరికిన ఏడు చెప్పేది బెరడు కింది పొరేనని. ఆ పొర తన బల్లకాలి కింద ఉంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇవాళ శిబిరం ఎత్తేస్తున్నారు. జీపు దగ్గర ఒఫేలియా పెట్టెలకు తాళ్ళు బిగిస్తోంది. క్రిసాంతో చెయ్యి చొక్కాలోకి వెళ్ళింది.

"దోన్ క్రిసాంతో, ఒక్క మాట. ఆ దూలానికి బెరడు కింది పొర ఉండిందా? అదే నన్ను తొలిచేస్తోంది."

పక్కనే తోటి కూలీలున్నారు. కత్తిపనిలో మొనగాడని అతనికి పేరు పెట్టింది వాళ్ళే.

"పుచ్చి రాలిపోయిందమ్మా," అన్నాడు.

"అయితే తప్పు నాదే. చూసుకోకుండా పంపాను." నవ్వబోయి నవ్వలేకపోయింది. ప్రయోగశాల వాడుకోగా మిగిలిన చేవముక్క అతని చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. నేనింక రాను."

జీపు కదిలింది. చొక్కాలోని ముక్కను పైనుంచే అదిమి పట్టుకున్నాడు. దుమ్ము అణిగేదాకా తల వంచుకుని నిలబడ్డాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా?

ఇంటికొచ్చేసరికి ఎలీదియా బల్లకాలి కింద రాయి పెట్టేసింది. "నీ చెక్క నువ్వే ఉంచుకో, మహానుభావా," అని పెరట్లోకి వెళ్ళింది.

క్రిసాంతో రెండు ముక్కలనూ బల్ల మీద పెట్టి, వేలితో దగ్గరకు జరిపాడు. వెంట్రుక దూరే సందైనా లేకుండా అతుక్కున్నాయి.