కూలింగు కారు

పోలిరాజుకి సముద్రం పడదు. జాలారిపేటలో పుట్టినవాడి గురించి ఇలా చెప్పుకోవలసి రావడం ఆ ఇంటికి చిన్నతనమే గానీ, ఉన్నమాట ఎన్నాళ్లని దాస్తారు? తాత వేటకెళ్లి చేపలు తెచ్చాడు, తండ్రి వేటకెళ్లి చేపలు తెచ్చాడు, ఇతను వేటకెళ్లి వాంతులు చేసుకున్నాడు. పోనుపోను అలవాటవుతుందన్నారు. పెళ్లయితే సర్దుకుంటుందన్నారు. పెళ్లయింది, నూకాలు కాపురానికొచ్చింది, కడుపు మాత్రం సర్దుకోలేదు. నూకాలు అన్న దాలయ్యకి సొంత మరబోటు ఉండేది. ఆ బోటు హార్బరు దాటీ దాటకముందే పోలిరాజు అంచు పట్టుకుని వంగిపోయేవాడు. చుక్కాని దగ్గర కాళ్లు బారజాపుకుని బీడీ కాల్చుకుంటున్న దాలయ్య ఎప్పుడూ ఒకటే సలహా చెప్పేవాడు, బోటులో అందరికీ వినపడేలా.

“కిందకి సూడకు బావా. దూరంగా సూడు.”

దగ్గర చూస్తే సముద్రం, దూరం చూస్తే సముద్రం. ఆ సలహా వల్ల ఎవరైనా బాగుపడ్డారంటే అది పక్కనున్నవాళ్లు, నవ్వుకుని.

చివరికి పోలిరాజు వలల్లో తన వాటా అమ్మేసి, ఓ పాత అంబాసిడర్ కొని వన్ టౌన్ టాక్సీ స్టాండులో పెట్టాడు. నూకాలు కొన్నాళ్లు మాట్లాడలేదు. చేపల వాసన లేకుండా ఇంటికొచ్చే మొగుణ్ణి ఏం చేసుకోవాలో ఆవిడకి తోచలేదు. పోలిరాజు పట్టించుకోలేదు. కింద నేల కదలకుండా ఉంటే అన్నం ఇంత రుచిగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

ఈ ఊళ్లో సైకిలు కొన్నా సింహాచలం తీసుకెళ్లి అప్పన్నకి చూపించుకోవాలి. పోలిరాజు కూడా కారుకి పసుపు రాసి, బొట్టుపెట్టి కొండదారి పట్టాడు. సగం ఎక్కేసరికి నీళ్లు మరిగి, రేడియేటరు పైపు టప్పున పగిలి, బానెట్టులోంచి ఆవిరి లేచింది. వెనక్కి దింపుకొచ్చి, కొండ కింద మెట్లదారి మొదలయ్యే తొలిపావంచా దగ్గర తనే కొబ్బరికాయ కొట్టుకుని ఇంటికెళ్లాడు. కొత్త పైపులేయించి మళ్లీ ఎక్కాడు. అదే మలుపు, అదే ఆవిరి. రేడియేటరు కడిగించాడు, క్లిప్పులు మార్పించాడు, శనివారం కాకుండా గురువారం వెళ్లి చూశాడు. కారుకి వారాల పట్టింపు లేనట్టుంది, ఏ వారమైనా అక్కడికే వచ్చి పొగలు కక్కింది.

దాంతో స్టాండులో పేరు పెట్టేశారు, ‘అప్పన్న వద్దన్న కారు’ అని. నవ్వులాటకి పెట్టిన పేరే, కానీ మెడకి చుట్టుకుంది. ఎక్కడ పెళ్లి జరిగినా కొత్త దంపతుల్ని అప్పన్న దగ్గరికి తీసుకెళ్లాలి కదా, స్వామి వద్దన్న కారులో ఎవరు తీసుకెళ్తారు? పెళ్లి బేరాలు పోయాయి. ఆస్పత్రికి వెళ్లే రోగులు మిగిలారు. పేరు విన్నాక వాళ్లూ రిక్షా ఎక్కడం మొదలుపెట్టారు.

అప్పుడు దాలయ్య వచ్చాడు. బోటు ఇంజిన్లు విప్పి బిగించడంలో హార్బరు మొత్తం మీద తనని మించినవాడు లేడని అతని నమ్మకం. బజారు రబ్బరు పైపులు పసిపిల్లలు పీల్చుకోడానికి తప్ప ఇంజినుకి పనికిరావనీ, తను ఓడ పైపులు వేసి చూపిస్తాననీ చెప్పాడు. పోలిరాజు ముఖం వెలిగేలోపే షరతు కూడా చెప్పేశాడు.

“నా పైపులేసినాక కూడా కొండెక్కనేదనుకో, కారమ్మేసి బోటెక్కాల. మరింక సాకులు సెప్పకూడదు. మాటేనా?”

పోలిరాజు నూకాలు వైపు చూశాడు. నూకాలు చేటలో బియ్యం వైపు చూసింది. బోటు అనే మాట వినగానే పోలిరాజుకి కడుపులో తిప్పడం మొదలైంది, ఇంట్లో పీట మీద కూర్చునే. అయినా వేరే దారి లేదు.

“మాటే,” అన్నాడు.

ఓడల్లోంచి దిగిన పాత సామాను అమ్మే కొట్టు ఒకటి వన్ టౌన్ సందులో ఉంది. దాలయ్య అక్కడ వెతికి వెతికి ఉక్కుతీగ అల్లిన నల్లటి పైపు తెచ్చాడు. మణికట్టంత లావు, వంచడానికి ఇద్దరు కావాలి. కారు ఇంజిను మూతులేమో సన్నం. అందుకని లేతు మిషను మీద ఇత్తడి జాయింట్లు తీయించాడు, ఒక చివర ఓడకి సరిపడేలా, రెండో చివర కారుకి సరిపడేలా. బిగించాక ఊగి చూశాడు, తన్ని చూశాడు. ఈ పైపు పగలాలంటే ముందు కారు పగలాలని ప్రకటించాడు. అందులో అబద్ధం లేదు.

తర్వాత రేడియేటరు మీద పడ్డాడు. ఈ జల్లెడ ఎందుకన్నాడు. బోటులో రేడియేటరు ఉండదు, సముద్రమే రేడియేటరు. పంపు కింద నుంచి నీళ్లు లాగుతుంది, అవి ఇంజినులో తిరిగి వేడెక్కి, పక్కనున్న గొట్టంలోంచి బయట పడిపోతాయి. దాలయ్య రేడియేటరు ఊడదీసి డిక్కీలో పడేశాడు. కారుకి సముద్రం కావాలి గనక, పైన క్యారియరు మీద ఓ ఇనప డ్రమ్ము కట్టాడు. డ్రమ్ములోంచి ఇంజినుకి ఓ పైపు, ఇంజినులోంచి ఎడంవైపు మడ్‌గార్డుకి చిల్లుపెట్టి బయటికి ఓ పైపు, ధార సన్నగా వచ్చేలా మధ్యలో ఓ కుళాయి.

వేరేవాడైతే ఇక్కడ నోరు తెరిచి, నీళ్లు ఇలా బయటికి పోవడమేమిటని అడిగేవాడు. పోలిరాజు అడగలేదు. పడకపోయినా అతను పుట్టింది సముద్రం ఒడ్డునే. బోటు పక్కనుంచి నీళ్లు పడుతున్నంతసేపూ ఇంజిను క్షేమం, ధార ఆగిందా, ఆలోచించకుండా ఇంజిను ఆపెయ్యాలి. ఇది ఆ పేటలో పాలతో పట్టే విద్య. ఇన్నాళ్లూ ఈ కారు చెప్పాపెట్టకుండా మరిగిపోయేది. ఇప్పుడు దీనికీ ధార వచ్చిందని అతనికి పెద్ద ధైర్యం కలిగింది. ఇద్దరికీ తట్టని సంగతి ఒక్కటే. సముద్రం అయిపోదు. డ్రమ్ము అయిపోతుంది.

పోర్టులో హెడ్ క్లర్కు భీమశంకరరావు గారిది గోదావరి జిల్లా. ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న ఆ వైశాఖంలో ఆయన కూతురి పెళ్లయింది. దంపతుల్ని కొండకి తీసుకెళ్లడానికి టాక్సీ కోసం వస్తే స్టాండులో మిగిలినది ఈ కారొక్కటే. ఆయన దానిచుట్టూ తిరిగి, నెత్తిన డ్రమ్ము చూసి, అదేమిటని అడిగాడు. పైపులకి ఆఖరిసారి మర బిగిస్తున్న దాలయ్య తల తిప్పకుండానే చెప్పాడు.

“కూలింగండి బాబూ.”

ఎనభైల మొదట్లో ఈ ఊళ్లో ఏసీ ఉన్న కూలింగు కారంటే ఎవరో మహా పెద్ద ఆఫీసర్లకే. భీమశంకరరావు గారు వెంటనే బేరం కుదుర్చుకుని, కారుని పెళ్లింటికి తోలించుకెళ్లాడు. తర్వాత అల్లుడి ముందు నిలబడి, మొదటినుంచీ తన ఏర్పాటు అదేనన్నట్టు, “కూలింగు కారండీ, ఆయ్,” అన్నాడు. పోలిరాజు అసలు సంగతి చెప్పబోతే దాలయ్య అతని కాలు తొక్కాడు. చల్లబరిచేది ఇంజిన్నా మనుషుల్నా అని ఆయన అడగలేదు కదా.

పందెం కళ్లారా చూడాలని దాలయ్య ముందు సీట్లో ఎడంపక్కన కూర్చున్నాడు. ధార పడుతోందో లేదో చూసి చెప్పడం అతని పని. వెనక పెళ్లికూతురు, పెళ్లికొడుకు, భీమశంకరరావు గారు. ఎక్కగానే ఆయన కిటికీ గ్లాసులన్నీ పైకెత్తించాడు, చల్లదనం బయటికి పోతుందని. వైశాఖ మాసం, మధ్యాహ్నం. మల్లెపూల వాసన, పట్టుబట్టల వాసన, ముందు సీట్లో బీడీల వాసన కలిసి గట్టిపడ్డాయి. ఎలా ఉందని మామగారు అడిగితే, చల్లగానే ఉందండీ అన్నాడు అల్లుడు, కండువాతో మెడ తుడుచుకుంటూ.

కొండదారి మొదలైంది. దాలయ్య అద్దానికి ముక్కు ఆనించి, కింద చక్రం పక్కన పడుతున్న ధారనే చూస్తూ, మలుపుమలుపుకీ “వత్తన్నాయి” అంటున్నాడు. కారు ఎప్పుడూ ఆగిపోయే మలుపు వచ్చింది. పోలిరాజు గేరు మార్చాడు. మలుపు వెనక్కి పోయింది, ఆవిరి లేదు. అతనికి గట్టిగా అరవాలనిపించింది. పెళ్లివారు కారులో ఉన్నారు గనక హారన్ కొట్టి ఊరుకున్నాడు.

ఈలోగా డ్రమ్ము సగమైంది. నిండు డ్రమ్ము కుదురుగా ఉంటుంది, సగం డ్రమ్ము ఊరుకోదు. మలుపు ఎడమకి తిరిగితే నీళ్లు కుడికి కొట్టాయి, కుడికి తిరిగితే ఎడమకి. కారు మొత్తం, ఆటుపోట్ల మధ్య లంగరేసిన పడవలా ఒరగడం మొదలుపెట్టింది. దాలయ్య “వత్తన్నాయి” సన్నబడింది. తర్వాతి మలుపులో “వత్త” దగ్గర ఆగింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. “వత్తన్నాయా?” అంటూ పోలిరాజు తల తిప్పాడు. పక్కకి చూస్తే బావ ముఖం అరిటాకు రంగులో ఉంది, రెండు చేతులూ నోటికి అడ్డంగా ఉన్నాయి.

“వస్తున్నాయండీ,” అంది వెనకనుంచి పెళ్లికూతురు. దారంతా ఇదే పాట విన్న పిల్ల, చేయడానికి వేరే పని లేక తనూ అదే చూస్తోంది. ఆ మీదట ప్రతి మలుపులోనూ ఆ అమ్మాయే చెప్పింది. పైకి ఇంకొంచెమే ఉందనగా మాట మారింది.

“ఆగిపోయాయండీ.”

పోలిరాజు చెయ్యి ఆలోచించలేదు. ఇంజిను ఆపేసింది. వేరే డ్రైవరైతే ఇంకొంచెమే కదా అని లాగించి ఉండేవాడు, ఇంజిను అక్కడే చచ్చి ఉండేది. పోలిరాజు బ్రేకు లాగి, చక్రానికి రాయి పెట్టి, బానెట్టు ఎత్తి చూశాడు. ఆవిరి లేదు, పైపులు చెక్కుచెదరలేదు. దాలయ్య తలుపు తోసుకుని దిగి, రోడ్డు పక్క పిట్టగోడ రెండు చేతులతో పట్టుకుని వంగిపోయాడు. ఆ వంగడం పోలిరాజుకి తెలుసు. జాలేసింది. ఆ వెంటనే, దాచడం దేనికి, సంతోషం కూడా వేసింది.

కొండమీంచి పారే నీళ్లు పక్క కాలవలో తేటగా ఉన్నాయి. పోలిరాజు డిక్కీలోంచి బకెట్టు తీశాడు. గాలి తగిలినందుకే ప్రాణం లేచొచ్చిన పెళ్లికొడుకు పట్టుపంచె ఎగ్గట్టి నీళ్లు ముంచి అందించాడు. కూలింగు కార్లకి ఇలా నీళ్లు పోయడం మామూలేనని భీమశంకరరావు గారు కూతురికి వివరించాడు. డ్రమ్ము నిండింది, దాలయ్యని కారులో కూరారు, “వస్తున్నాయండీ” అని పెళ్లికూతురు అంటుండగా అంబాసిడర్ కొండమీదికి చేరింది. పంతులుగారు డ్రమ్ముకి కూడా బొట్టుపెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు.

తన కడుపు ఒక్కసారి కూడా తిప్పలేదని పోలిరాజుకి అప్పుడు గుర్తొచ్చింది. స్టీరింగు పట్టుకున్నవాడికి తిప్పదు. బోటులో చుక్కాని ఎప్పుడూ దాలయ్య చేతిలోనే ఉండేది, ఒక్కనాడూ ఇంకొకరికి ఇవ్వలేదు. ఇన్నేళ్లూ తన కడుపుకి సిగ్గుపడి బతికినందుకు అతనికి చచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే వెళ్లి ఓ గోలీసోడా కొన్నాడు.

దాలయ్య అరుగు అంచున కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని నేలని చూస్తున్నాడు. కోపంగా ఇద్దామనుకున్న సోడా పోలిరాజు మామూలుగానే ఇచ్చాడు. పక్కన కూర్చున్నాడు.

“కిందకి సూడకు బావా,” అన్నాడు. “దూరంగా సూడు.”

దాలయ్య తలెత్తాడు. దూరంగా, కొండల సందులో, సముద్రం సన్నగా నీలంగా కనపడుతోంది. ఇక్కడినుంచి చూస్తే అది కదలడం లేదు. ఇద్దరూ చాలాసేపు దాన్నే చూశారు. సోడా అయిపోయాక దాలయ్య సీసా కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

“బోటు మాట మరెత్తను బావా,” అన్నాడు. “నన్ను మాత్రం ఆ కారెక్కించకు. నాను మెట్ల మీంచి దిగిపోతాను.”