తడిపి దించిన రేకులు

ఎల్లారావు గాజువాక చుట్టుపక్కల షెడ్లకు ఏళ్ల తరబడి సిమెంటు రేకులు కోశాడు. రంపం కింద లేచే తెల్లటి దుమ్ము జుట్టు నిండా, చొక్కా నిండా ఉండేది. 2003లో నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, రేకుల్లోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, ఇక బయటికి రాదనీ చెప్పాడు. పక్కనే నిలబడ్డ భార్య గంగాలమ్మ ఆ మాట మరిచిపోలేదు.

ఇల్లు గడవడానికి ఆమె కూలికి వెళ్లసాగింది. మరుసటి వేసవిలో ఒక పాత సిమెంటు రేకుల గోదాము కూల్చే పని దొరికింది. మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్లిన ఎల్లారావు గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల సుత్తి చప్పుడు లేదు. కూలీలంతా నీడన కూర్చున్నారు. గంగాలమ్మ ఒక్కతే కాంట్రాక్టరు గురునాథరావుకు ఎదురుగా నిలబడి ఉంది.

"రేకులు పగలగొట్టి పడేయమంటే ఈ గొడవేంటి?" అంటున్నాడాయన.

"పగలగొడితే దుమ్ము లెగుత్తాది బాబూ. తడిపి, బోల్టులిప్పి, రేకు ఇరక్కుండా దించుతాం. అలగైతే సేత్తాం. నేకపోతే నేదు."

"నువ్వు కాకపోతే ఇంకొకరొస్తారు."

"ఆల్లకీ ఇదే సెప్తాను. గేటుకాడే కూకుంటాను."

ఎల్లారావుకు ఒకటే దిగులు: ఉన్న ఒక్క ఆధారమూ పోతుందేమో! ఇంతలో కూలీల్లోంచి మంగాయమ్మ లేచి గంగాలమ్మ పక్కన నిలబడింది. ఆ వెనకే మిగతావాళ్లూ లేచారు.

గురునాథరావు విసురుగా గేటు వైపు తిరిగి, అక్కడ నిలబడ్డ మనిషిని పోల్చుకోలేక ఒక్క క్షణం ఆగాడు. "ఎల్లారావు కదూ? నా దగ్గర రేకులు కోసేవాడివి... ఇలా అయిపోయావేంటి?"

"నాను... ఆ దుమ్మే బాబూ..." అనబోయిన ఎల్లారావుకు దగ్గు తెర కమ్ముకొచ్చింది. మాట పూర్తికాలేదు. గోడ పట్టుకుని వంగిపోయాడు.

గురునాథరావు మేస్త్రీని పిలిచి నీళ్ల ట్యాంకరు తెప్పించమన్నాడు.

పని ఆలస్యమైంది గానీ రేకులన్నీ తడితడిగా, ఒక్కటీ విరగకుండా దిగాయి. ఆ కబురు విని మరో రెండు చోట్ల కూలీలు నీళ్లడిగి పనిచేశారు.

ఎల్లారావు ఆయాసం మాత్రం తగ్గలేదు. అయినా ఆ రోజు, ట్యాంకరు వచ్చాక, దుమ్ము చేరని చోట భార్యతో కలిసి అన్నం తింటూ ఆమెనే చూస్తుండిపోయాడు.

"ఏటలా సూత్తన్నావ్ మావా?"

"నీకింత దయిర్యం ఎక్కడిదే?"

"భయమేసింది మావా. అయినా అడిగేసినాను. తిను, సల్లారిపోతాది."